ఊరుగాని ఊళ్లో మసలడం

ఐరోపా ప్రయాణం అనగానే మనవాళ్లు చూడాల్సిన వాటి జాబితా రాసుకుంటారు. రాజభవనం, పెద్ద చర్చి, మ్యూజియం, నదిలో పడవ. రాసుకోవడం మంచిదే. కానీ వెళ్లొచ్చిన వాళ్లను తీరిగ్గా కూర్చోబెట్టి అడగండి. వాళ్లను అలసగొట్టినవి ఆ జాబితాలో ఉండవు. టికెట్టు మీద ముద్ర ఎక్కడ వేసుకోవాలో తెలియక ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయిన పది నిమిషాలు, ఆదివారం పొద్దున పాలు దొరకని వంటిల్లు, లిఫ్టులో ఏ మీట నొక్కాలో తేలని సాయంత్రం. వాళ్లు చెప్పేవి ఇలాంటివే. సంతోషపెట్టినవి కూడా చాలావరకు ఇంత చిన్నవే. రొట్టెల అంగడామె మూడో రోజుకు గుర్తుపట్టి నవ్వింది. ట్రాములో ఒక పెద్దాయన తాను దిగుతూ మనం దిగాల్సిన చోటు కూడా చూపించి పోయాడు.

నగరాన్ని చూడటం ఒక పని, అందులో మసలడం వేరే పని. ఈ అధ్యాయం రెండో దాని గురించి. మత్తిగిరి, హోసూరు, డెంకణికోట, బాగలూరు, కృష్ణగిరి వైపు నుంచి ఇవాళ ఐరోపాకు వెళ్లేవాళ్లు పెరిగారు. సిప్‌కాట్ ఫ్యాక్టరీల తరఫున శిక్షణకు వెళ్లే ఇంజనీర్లు, ఎం.ఎస్. చదవడానికి వెళ్లే పిల్లలు, ఆ పిల్లల దగ్గర రెండు నెలలు ఉండి వద్దామని వెళ్లే అమ్మానాన్నలు. వీళ్ల కోసమే రాస్తున్నాను. అన్ని నగరాలూ ఒకేసారి చెప్పబోతే ఏదీ గుర్తుండదు కాబట్టి ఒక్క వియన్నానే ఉదాహరణగా తీసుకుంటాను. జర్మన్ మాట్లాడే నగరాల్లో బెర్లిన్ తర్వాత అదే పెద్దది, జనం ఇరవై లక్షలు. అక్కడ కుదురుకున్న మనిషికి మ్యూనిక్ అయినా ప్రాగ్ అయినా పెద్ద తేడా అనిపించదు.

మన దగ్గర ఇప్పటికే ఉన్నది

మత్తిగిరిలో పెరిగిన మనిషి దినచర్య ఒకసారి గమనించండి. ఇంట్లో తెలుగు. బస్సెక్కితే కండక్టరుతో తమిళం. హోసూరు అంగట్లో అవతలి మనిషి మొహం చూసి, నోరు తెరిచేలోపే కన్నడమా తమిళమా అని తేల్చుకుంటాం. బండి బాగుచేసే భాయి దగ్గర ఉర్దూ నాలుగు ముక్కలు. బెంగుళూరు ఆఫీసు నుంచి ఫోనొస్తే ఇంగ్లిషు. 1956లో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు మన మొరసునాటి తెలుగు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఆ గీత వల్ల మన పిల్లలు బడిలో పోగొట్టుకున్నది చాలా ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పను. ఐతే ఆ గీత పక్కన బతకడం వల్ల మనకు అబ్బిన విద్య ఒకటుంది. సగం తెలిసిన భాషలో సిగ్గుపడకుండా పని జరుపుకోవడం. వ్యాకరణం తప్పితే నవ్వుతారేమో అని మనం ఆగం. మాట అందకపోతే వేలు చూపిస్తాం, వేలు చాలకపోతే ఇంకో భాషలోకి దూకుతాం.

ఒకే భాషలో పుట్టి ఒకే భాషలో పెరిగిన వాళ్లకు ఈ ధైర్యం సులువుగా రాదు. జర్మన్ బోర్డు కనిపించగానే వాళ్లు బిగుసుకుపోతారు. మీరు బిగుసుకోనక్కర్లేదు. వియన్నాలో ట్రాము నడిపే మనిషికి, కూరగాయలమ్మే మనిషికి ఇంటి భాష టర్కిష్ కావచ్చు, సెర్బియన్ కావచ్చు. వాళ్లూ మీలాగే పొద్దున ఒక భాషలోంచి ఇంకో భాషలోకి నడిచి వచ్చినవాళ్లే. మీ యాస వాళ్లకు వింత కాదు.

వెళ్లే ముందు నేర్చుకోవాల్సినవి గుప్పెడు మాటలే. అంగట్లోకి, లిఫ్టులోకి, డాక్టరు దగ్గర కూర్చునే గదిలోకి అడుగు పెట్టగానే ‘గ్రూస్ గాట్’ అనాలి. బయటికి వచ్చేటప్పుడు ‘ఆఫ్ వీడర్‌జేన్’. ‘బిట్టె’, ‘డాంకె’ అడుగడుగునా పనికొస్తాయి. దారి అడగాలన్నా ఎవరికైనా భుజం తగిలినా ‘ఎంట్‌షుల్డిగుంగ్’. బిల్లు కావాలంటే ‘త్సాలెన్ బిట్టె’. మాంసం లేకుండా కావాలంటే ‘ఓనె ఫ్లైష్’. వీటిలో మొదటిది అన్నిటికంటే ముఖ్యం. పలకరించకుండా నేరుగా ధర అడిగితే వియన్నావాళ్లకు మనసు చివుక్కుమంటుంది. పలకరించి ఆ తర్వాత ఇంగ్లిషులోకి మారితే, వాళ్లు కూడా సంతోషంగా మారతారు. పడుకునే ముందు ఈ మాటలు గట్టిగా పలకండి. ఇంట్లో అందరూ వింటుండగా పలికితే ఇంకా మేలు, బెరుకు ఇక్కడే వదిలిపోతుంది.

వీరాస్వామయ్య అడిగిన ప్రశ్నలు

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయలుదేరాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన మనిషి, భాషల మధ్య నిలబడటమే ఆయన పని. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. దారి పొడుగునా రాసుకున్నది స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపుతూ వచ్చాడు. అదే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. ఆ పుస్తకాన్ని చరిత్ర కోసం చదివేవాళ్లున్నారు, భాష కోసం చదివేవాళ్లున్నారు. ప్రయాణం నేర్చుకోవడానికి చదవమని నేను చెబుతాను. ప్రతి మజిలీలోనూ ఆయన ముందు చూసుకున్నవి నీళ్లు, అంగళ్లు, దిగడానికి చోటు, ముందున్న దారి. గుళ్లూ గోపురాలూ చూశాడు, వాటి గురించి రాశాడు కూడా. ఐనా తన వెనక వచ్చేవాడికి ఉపయోగపడేది ఏదో ఆయనకు బాగా తెలుసు.

ఆ పద్ధతినే మన కాలానికి మార్చుకుందాం. ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. ఏ ఊరు చేరినా మొదటి రోజే వీటికి జవాబులు రాయండి. డబ్బు పెట్టకుండా మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి? మరుగుదొడ్డి ఎక్కడుంది, ఎంత తీసుకుంటారు? అన్నీ మూసేసిన రోజున సరుకులు ఎక్కడ కొనాలి? ఏమీ కొనకుండా గంటసేపు ఎక్కడ కూర్చోవచ్చు? బండి తప్పితే బసకు ఎలా చేరాలి? ఏదైనా జరిగితే ఎవరిని పిలవాలి? ఈ ఆరింటికీ జవాబు తెలిసిన సాయంత్రం నుంచి ఆ ఊరు మీకు భయం పెట్టదు.

దీన్ని ముందు మత్తిగిరిలోనే సాధన చేయండి. ఈ మాట నేను మొక్కుబడిగా చెప్పడం లేదు, అధ్యాయం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఒక ఆదివారం పూట కూట్‌రోడ్డు దగ్గర బస్సు దిగి, తమిళం గానీ తెలుగు గానీ చదవడం రాని పరదేశిలా నడవండి. 1824లో కుంపణీ సైన్యానికి గుర్రాలు పెంచడానికి మొదలై తర్వాత పశువుల ఫారంగా మారిన ఆ పెద్ద మైదానాల పక్కనుంచి నడవండి. హోసూరు వెళ్లి చంద్రచూడేశ్వరుని కొండెక్కండి. సేలం కలెక్టరుగా ఉన్న బ్రెట్ దొర ఇంగ్లండులోని కెనిల్‌వర్త్ కోటను తలుచుకుంటూ హోసూరులో కట్టించుకున్న భవనం శిథిలాల వైపు పోయి రండి. దారిలో ఆ ఆరు ప్రశ్నలకూ జవాబులు రాయండి.

రాస్తూ ఉంటే ఒక సంగతి బయటపడుతుంది. మన ఊళ్లో ఏదీ రాసి ఉండదు. బస్సు ఎటు పోతుందో కండక్టరు కేకను బట్టి తెలుస్తుంది. ఎక్కడ ఆగుతుందో జనం నిలబడిన చోటును బట్టి తెలుస్తుంది. అంగడి ఎప్పుడు తీస్తారో పక్క అంగడివాణ్ని అడిగితే తెలుస్తుంది. మన నగరాలు అడిగేవాడికి దారి చూపిస్తాయి. వియన్నా లాంటి నగరాలు చదివేవాడికి దారి చూపిస్తాయి. అక్కడ ప్రతి స్తంభం మీదా ఏదో రాసి ఉంటుంది, ఎవరూ ఎవరినీ అడగరు. మనవాళ్లు ఐరోపాలో పడే ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క తేడా నుంచే పుడతాయని నా నమ్మకం. అక్కడి మనుషులు ముభావంగా ఉన్నారని వెళ్లిన కొత్తలో చాలామంది బాధపడతారు. చెప్పాల్సింది బోర్డు మీద చెప్పేశాం కదా అని వాళ్లు అనుకుంటున్నారంతే. ముందు బోర్డు చదవండి, అర్థం కాకపోతే ఫోను కెమెరాతో తర్జుమా చేయించుకోండి, అప్పటికీ తేలకపోతే మన పద్ధతిలో అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

మొదటి రోజు వీధుల్లో

వీసా సంగతి క్లుప్తంగా. తొంభై రోజుల లోపు వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా. ఏ 180 రోజులు లెక్కవేసినా షెంగెన్ దేశాలన్నిటిలో కలిపి మీరు ఉన్నది 90 రోజులు దాటకూడదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. విమానాశ్రయం దేవనహళ్లిలో ఉంది, మనం బెంగుళూరు నగరం ఈ కొస నుంచి ఆ కొసకు దాటిపోవాలి. ఆ దాటడానికి పట్టే సమయాన్ని తక్కువ అంచనా వేయకండి.

వియన్నా విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రెండు రకాల రైళ్లు కళ్ల ముందే ఉంటాయి. సీఏటీ అనే రైలు 16 నిమిషాల్లో చేరుస్తుంది, టికెట్టు ఖరీదు. ఎస్7 అనే లోకల్ రైలుకు ఇంచుమించు 25 నిమిషాలు పడుతుంది, టికెట్టు బాగా చవక. ఆ తొమ్మిది నిమిషాల కోసం అంత డబ్బు పెట్టడం నాకు దండగ అనిపిస్తుంది.

మెట్రో స్టేషన్లలో గేట్లు ఉండవు. ఎవరూ ఆపరు, ఎవరూ టికెట్టు అడగరు. దాన్ని చూసి టికెట్టు అక్కర్లేదనుకునేవాళ్లున్నారు. ప్లాట్‌ఫారానికి వెళ్లే దారిలో చిన్న నీలం పెట్టెలుంటాయి, ముద్ర పడని కాగితపు టికెట్టును వాటిలో పెట్టి ముద్ర వేసుకోవాలి. కొన్నప్పుడే తేదీ, సమయం అచ్చయిన టికెట్టుకు మళ్లీ అక్కర్లేదు. మామూలు బట్టల్లో వచ్చే తనిఖీ మనుషులు ఎప్పుడో ఒకప్పుడు ఎక్కుతారు, జరిమానా నూరు యూరోలు దాటుతుంది. అక్కడ ముందు మనిషిని నమ్ముతారు, తర్వాత తనిఖీ చేస్తారు. ఉండే రోజులు లెక్కపెట్టుకుని రోజు టికెట్టో వారం టికెట్టో ఒక్కసారే కొనుక్కుంటే ఈ చింత తీరిపోతుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఎక్కి దిగొచ్చు. ట్రాము తలుపులు వాటంతట అవి తెరుచుకోవు, మీట నొక్కాలి. ఎస్కలేటరు మీద కుడివైపు నిలబడాలి, ఎడమవైపు నడిచేవాళ్లకు.

చిరునామా చదవడం కూడా నేర్చుకోవాలి. నగరంలో 23 జిల్లాలున్నాయి. పిన్ కోడులో నడిమి రెండంకెలే జిల్లా సంఖ్య. 1010 అంటే ఒకటో జిల్లా, నడిబొడ్డు. 1070 అంటే ఏడోది. 1160 అంటే పదహారోది, కొంచెం దూరం. బస వెతికేటప్పుడు ఈ రెండంకెలు చూస్తే సగం సంగతి తేలిపోతుంది. వీధి పేరు తర్వాత 22/3/15 అని ఉంటే 22వ ఇల్లు, మూడో మెట్ల దారి, 15వ తలుపు అని అర్థం. మెట్ల దారి తప్పితే అదే ఇంట్లో అరగంట తిరగాల్సి వస్తుంది. నేల అంతస్తు మీద ఒకటో అంతస్తు అనే లెక్క మనదే. కాకపోతే పాత భవనాల్లో నేలకూ ఒకటికీ మధ్య హోఖ్‌పార్టెర్ అనీ మెజానిన్ అనీ ఇంకా అంతస్తులు దూరుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లిఫ్టు లేని ఇంట్లో ‘రెండో అంతస్తు’ తీసుకునే ముందు ఎన్ని మెట్లో అడగడం మంచిది.

రోడ్డు దాటేటప్పుడు మన కళ్లు అలవాటుగా ముందు కుడివైపు పోతాయి. అక్కడ బండ్లు కుడి పక్క నడుస్తాయి కాబట్టి ముందు ఎడమవైపు చూడాలి. ఇది ప్రాణానికి సంబంధించిన మాట. ట్రాము దాదాపు చప్పుడు లేకుండా వస్తుంది. కాలిబాట పక్కనే సైకిళ్ల బాట ఉంటుంది, ఫోటో కోసం దాని మీద నిలబడకండి. ఎర్ర దీపం ఉంటే, బండి ఒక్కటీ లేకపోయినా ఆగండి, పక్కన పిల్లలుంటే మరీను.

ఇంతా అయ్యాక మొదటి సాయంత్రం ఏ టూరు బస్సూ ఎక్కకండి. రింగ్ రోడ్డు మీద ట్రాము ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. ఒకప్పుడు అక్కడ కోటగోడ ఉండేది. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ యోసెఫ్ దాన్ని పడగొట్టించమని ఆజ్ఞ ఇచ్చాడు, 1865లో ఆ స్థలంలో ఈ వెడల్పాటి రోడ్డు తెరిచారు. అయిదు కిలోమీటర్ల పైచిలుకు. పార్లమెంటు, టౌన్‌హాలు, విశ్వవిద్యాలయం, ఒపేరా అన్నీ దాని ఒడ్డునే. ఒకటో నంబరు, రెండో నంబరు ట్రాములు చెరొక భాగం తిరుగుతాయి. మధ్యలో మారాలి. ఆ మారడం ఒకసారి చేతనైతే నగరం పటం బుర్రలో పడిపోతుంది.

నీళ్లు, తిండి, ఆదివారం

సూపర్ మార్కెట్టులో నీళ్ల సీసాలు కొనకండి. వియన్నా కుళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి. మొదటి కాలువ 1873లో, రెండోది 1910లో తెరిచారు, పంపులతో పని లేకుండా కొండవాలు మీదుగానే నీళ్లు నగరం చేరతాయి. హొగెనకల్ నుంచి కావేరి నీళ్లు వస్తున్నా కాచి చల్లార్చి తాగే అలవాటున్న మనకు బాత్‌రూం కుళాయి నీళ్లు తాగడానికి మొదట మనసొప్పదు. నిశ్చింతగా తాగండి. వీధుల్లోనూ తాగునీటి కుళాయిలుంటాయి, ఇంటి నుంచి ఒక స్టీలు సీసా పట్టుకెళ్లండి. ఎప్పుడైనా ప్లాస్టిక్ సీసా కొంటే పారేయకండి. 2025 జనవరి నుంచి ప్రతి సీసాకూ డబ్బాకూ 25 సెంట్లు అదనంగా తీసుకుంటున్నారు, ఖాళీది మార్కెట్టులోని యంత్రంలో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది.

శాకాహారులకు రెండు జాగ్రత్తలు. ఫ్రిటాటెన్ సూప్ అని ఒకటుంది, దోసె ముక్కలు సన్నగా తరిగి వేసినట్టు చూడముచ్చటగా ఉంటుంది. ఆ రసం ఆవు మాంసం ఉడికించినది. లేబర్‌కేస్ పేరు చివర చీజు వినిపిస్తుంది, ఉన్నది మాంసం. ఇవి తప్పిస్తే తినడానికి చాలా ఉంది. సెమ్మెల్ అనే గుండ్రటి రొట్టె, జున్ను కలిపిన కేసెష్పెట్జ్‌లె, ఆపిల్ ష్ట్రూడెల్, రేగుపళ్లలాంటి ప్లమ్ గుజ్జుతో ఇచ్చే కైజర్‌ష్మారెన్. గుడ్డు కూడా తిననివాళ్లు కేసెష్పెట్జ్‌లె, కైజర్‌ష్మారెన్ రెంటినీ వదిలేయాలి.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లొచ్చు? రాగిపిండి, శనగపొడి, కారప్పొడి, ఊరగాయ బాగా కట్టి పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన మరే మిఠాయీ వద్దు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. కృష్ణగిరి మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా తీసుకెళ్లకండి. అనాస, కొబ్బరి, అరటి, ఖర్జూరం, దురియన్ అనే అయిదు పళ్లకు తప్ప మిగతా తాజా పళ్లకూ ఆకులకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మామిడిలో దాక్కునే పండు ఈగంటే వాళ్లకు ఎంత భయమంటే, 2014లో కొన్నాళ్లు మన దేశం మామిడినే పూర్తిగా ఆపేశారు. తోట నుంచి తెంపిన పళ్లు కొడుక్కు పెట్టాలని ఏ అమ్మకు ఉండదు? కానీ అక్కడ చెత్తబుట్ట పాలు కావడం చూసే బాధ ఇంకా ఎక్కువ.

ఆదివారం అంగళ్లు తెరవరు. శనివారం సాయంత్రం ఆరుకల్లా చాలావరకు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్న మార్కెట్లు మాత్రం తీసి ఉంటాయి, కిక్కిరిసి ఉంటాయి. కాబట్టి శనివారం మధ్యాహ్నమే పాలు, రొట్టె, కూరలు కొని పెట్టుకోండి. ఆదివారాన్ని శిక్షగా చూడకండి. ఆ రోజు నగరం మొత్తం నడకకు బయటికొస్తుంది, ప్రాటర్ తోటల్లో, వియన్నా అడవి అంచున, డాన్యూబ్ ఒడ్డున. మీరూ పొండి.

ధరల చీటీలో 3,50 అని ఉంటే మూడున్నర యూరోలు, కామా దగ్గర బెదరకండి. హోటల్లో బిల్లు 18,40 అయితే ఇరవై అని చెప్పి నోటిస్తే టిప్పు లెక్క అయిపోయినట్టే. ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చుకోవడం మనవాళ్లకు ఆగని అలవాటు. ఒక కాఫీకి అన్ని రూపాయలా అని గుండె అదురుతుంది, ఆ అదురుతో కాఫీ రుచి పోతుంది. బయలుదేరే ముందే రోజుకు ఇన్ని యూరోలు అని ఇంట్లో కూర్చుని లెక్కకట్టుకోండి. అక్కడికి వెళ్లాక ఆ అంకె లోపల ఉన్నామా లేదా అన్నది మాత్రమే చూడండి. రూపాయలు తిరిగొచ్చాక చూసుకోవచ్చు.

కాఫీ మాట వచ్చింది కాబట్టి, వియన్నా కాఫీ ఇంట్లో ఒక కప్పు మెలాంజ్ చెప్పి రెండు గంటలు కూర్చున్నా లేవమనేవాళ్లుండరు. కాఫీతోపాటు గ్లాసుడు నీళ్లు పెడతారు, కొయ్య చట్రానికి తగిలించిన పత్రికలు చదువుకోవచ్చు. ఈ సంప్రదాయాన్ని 2011లో ఆస్ట్రియా తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. చలికాలంలో నాలుగింటికే చీకటి పడి, బస గదిలో ఒంటరితనం కమ్మినప్పుడు వెళ్లాల్సిన చోటు అది. ఒక్కడినే కూర్చుంటే ఎవరేమనుకుంటారో అనుకోకండి, అక్కడ సగంమంది ఒక్కొక్కరే కూర్చుని ఉంటారు. ఇంటికి వీడియో కాల్ మాత్రం అక్కడ వద్దు, ట్రాములోనూ వద్దు. వేసవిలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో గడియారం మారుతుంది. ఇంట్లోవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే అమ్మ రోజూ ఒక గంట ఊరికే ఎదురుచూస్తుంది.

ఒక్క గదిలో ఒక పూట

చూడాల్సిన వాటి గురించి ఏమీ చెప్పనా? ఒకటి చెబుతాను. కున్స్ట్‌హిస్టారిషెస్ మ్యూజియం 1891లో తెరిచారు. దాన్నంతా ఒక్క రోజులో చుట్టాలనుకునేవాళ్లు మూడో గదికే కాళ్లీడుస్తారు. మీరు నేరుగా బ్రూగెల్ గది అడిగి వెళ్లండి. నాలుగు వందల అరవై ఏళ్ల కిందటి ఆ చిత్రకారుడి బొమ్మలు ప్రపంచంలో ఇన్ని ఒకేచోట ఇంకెక్కడా లేవు. రాజులు తక్కువ, పల్లెజనం ఎక్కువ. ‘రైతు పెళ్లి’ అనే బొమ్మలో పెళ్లి భోజనం జరుగుతోంది. ఇద్దరు మనుషులు గంజిలాంటి దాన్ని గిన్నెల్లో పోసి, ఊడదీసిన తలుపును పళ్లెంగా చేసుకుని మోసుకొస్తున్నారు. పెళ్లికూతురు కళ్లు దించుకుని కూర్చుంది. నేల మీద ఒక పాప గిన్నె నాకుతోంది. పక్కనే ‘పిల్లల ఆటలు’, 1560లో వేసినది. అందులో ఎనభైకి పైగా ఆటలున్నాయి. ఎడమవైపు కింది మూలన ఇద్దరు ఎముకలతో అచ్చనగాయలాంటి ఆట ఆడుతుంటారు. వెతికితే కళ్లగంతలాట కనిపిస్తుంది, ఒంగుళ్లు దూకుళ్లు కనిపిస్తాయి, కర్రతో దొర్లించే చక్రం కనిపిస్తుంది. మన తాతమ్మలకు ఈ బొమ్మ చూపిస్తే ఒక్కొక్క ఆట పేరూ చెప్పగలరు. వీటి ముందు బెంచీ మీద కూర్చోండి. ఆటలు లెక్కపెట్టండి, తెలిసినవి నోటు పుస్తకంలో రాసుకోండి. చరిత్ర పాఠం తెలియనివాళ్లకు యూరప్ మ్యూజియం బరువనిపిస్తుందన్న భయం ఈ గదిలో పోతుంది. పల్లె తెలిసిన మనిషికి అక్కడ చూడటానికి చాలా ఉంది, పట్నంలోనే పెరిగినవాళ్ల కంటే మనకే ఎక్కువ ఉందని నేను గట్టిగా అనుకుంటాను.

అమ్మానాన్నలను పిలిపించుకుంటే

అక్కడ ఉద్యోగమో చదువో చేస్తున్న పిల్లలకు ఈ చివరి మాట. పెద్దవాళ్లు వస్తున్నారంటే మీరు పది చోట్ల టికెట్లు కొని ఉంచుతారు. రోజుకు ఒక్కటి చాలు. దారిలో బెంచీలు ఎక్కడున్నాయో, మరుగుదొడ్లు ఎక్కడున్నాయో మీరు ముందే ఒకసారి నడిచి చూసుకోండి. చాలా చోట్ల 50 సెంట్ల నాణెం వేయాలి కాబట్టి నాన్న జేబులో చిల్లర ఉంచండి. రోజూ వేసుకునే మాత్రలు ఉండే రోజులకు సరిపడా, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమనండి. బస చిరునామా, మీ ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసిన చీటీ ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి. ఆపదలో 112 అని నేర్పండి, అంబులెన్సుకు 144.

అన్నిటికంటే వాళ్లను కుంగదీసేది ఏ పనీ లేకపోవడం. ఇక్కడ పొద్దుట్నుంచి రాత్రిదాకా ఊరంతా చక్కబెట్టే మనుషులు అక్కడ మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. వాళ్లకు ఒక పని అప్పజెప్పండి. పదహారో జిల్లాలో బ్రున్నెన్‌మార్క్ట్ అని వీధి పొడుగునా కూరగాయల అంగళ్లున్నాయి, ఎక్కువమంది టర్కీవాళ్లు. పర్యాటకులు వెళ్లే నాష్‌మార్క్ట్ కంటే ధరలు తక్కువ. కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, వంకాయలు, బెండకాయలు అమ్మకు అక్కడ దొరుకుతాయి. యూ6 మెట్రోలో యోసెఫ్‌ష్టెటర్ ష్ట్రాసె స్టేషను దిగి నాలుగడుగులు వేస్తే చాలు. మొదటి రెండుసార్లు మీరు వెంట వెళ్లండి, కొనేది మాత్రం అమ్మనే కొననివ్వండి. తెలుగులో అడుగుతుంది, వేలు చూపిస్తుంది, అవతలి మనిషి టర్కిష్‌లో ధర చెప్పి చేతివేళ్లు విప్పుతాడు. బేరం కుదురుతుంది. మూడోసారి ఇద్దరి చేతికీ టికెట్లు, చిల్లర, చీటీ ఇచ్చి వాళ్లనే పంపండి. ఆదివారం మాత్రం పంపకండి, అంగళ్లుండవు. వాళ్లు సంచీతో తిరిగొచ్చే వేళకు మీరు అన్నం వార్చి ఉంచితే సరిపోతుంది.